పంపు ఆన్ కాగానే ఈఎస్‌పీ32 రీసెట్ అవుతోంది: చార్జర్ 2 ఆంపులది, మీటరులో వోల్టేజీ సరిగ్గానే ఉంది

మొక్కల_ప్రేమి
మొదటి రోజు, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒకే చోట ఆగిపోయాను, సాయం చేయండి.

కుండీలకు నీళ్లు పోసే చిన్న యంత్రం చేస్తున్నాను. ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్ చిప్) డెవలప్‌మెంట్ బోర్డు, మట్టిలో తేమ చూసే సెన్సర్, చిన్న ఓలెడ్ తెర, ఒక రిలే మాడ్యూల్ (చిప్ చెబితే పంపును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి), 5 వోల్టుల బుల్లి పంపు. అన్నీ బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చే పలక) మీదే ఉన్నాయి. కరెంటు ఫోన్ చార్జర్ నుంచి వస్తుంది, దాని మీద 5 వోల్టులు 2 ఆంపులు అని రాసి ఉంది. బోర్డు మీద 5 వోల్టులుండే విన్ పిన్ నుంచి పంపుకూ రిలేకూ 5 వోల్టులు తీసుకున్నాను.

రిలే టక్‌మనగానే బోర్డు రీసెట్ అవుతుంది. మళ్లీ మొదలై, మట్టి పొడిగా ఉందని చూసి, పంపు ఆన్ చేసి, మళ్లీ రీసెట్. బోర్డు సందేశాలను కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్‌లో బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ అనే మాట కనిపిస్తోంది. ఒక్కోసారి పంపు ఆన్ కాకుండానే, వైఫై కలిసేటప్పుడు కూడా ఇలాగే జరుగుతోంది.

మీటరుతో చూస్తే విన్ దగ్గర 4.62 వోల్టులు, చిప్‌కు అందే 3.3 పిన్ దగ్గర 3.28 వస్తున్నాయి. కోడ్ రెండుసార్లు మొదటి నుంచి రాశాను. బోర్డు కూడా మార్చాను. కొత్త బోర్డుదీ అదే వరస. ఇంకేం చూడాలి?

బ్రెడ్‌బోర్డ్_22
మొదటి రోజు, రాత్రి 9:58

నాకూ ఇలాగే అయింది. విన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త విద్యుత్తును దాచుకుని అవసరానికి ఇచ్చేది) పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే బ్రౌన్‌అవుట్ డిటెక్టర్‌ను ఆపేసే లైను ఒకటుంది, సెటప్ మొదట్లో పెడితే ఇక రీసెట్ ఉండదు. నేను అలాగే నడిపిస్తున్నాను.

పాత_రేడియో
మొదటి రోజు, రాత్రి 10:25

బ్రెడ్‌బోర్డ్ గారూ, ఆ లైను మాత్రం ఎవరికీ చెప్పకండి, మీ ప్రాజెక్టులో కూడా తీసేయండి. వోల్టేజీ పడిపోతోందని చిప్ మొరపెట్టుకుంటోంది. నోరు మూయిస్తే వోల్టేజీ పడటం ఆగదు కదా! ఈఎస్‌పీ32కు 3.0 నుంచి 3.6 వోల్టుల మధ్య ఉండాలి. డిటెక్టర్ మామూలుగా 2.43 వోల్టుల దగ్గర కలగజేసుకుని చిప్‌ను రీసెట్ చేస్తుంది, అంటే అది మాట్లాడేసరికే పరిస్థితి బాగా చెడిపోయి ఉంటుంది. అంత తక్కువలో ప్రాసెసర్ నడుస్తూ ఫ్లాష్ మెమరీలోకి ఏదైనా రాస్తే, రాసింది పాడవుతుంది. అప్పుడు వైఫై పాస్‌వర్డు మాయమవడం, ప్రోగ్రామే లేవకపోవడం లాంటివి మొదలవుతాయి. వాటికి కారణం వెతకడం దీనికంటే పది రెట్లు కష్టం.

మొక్కల ప్రేమి గారూ, కోడ్‌ను ఇక ముట్టుకోకండి. తప్పు అక్కడ లేదు. 4.62 అన్నారే, ఆ కొలత పంపు ఆగి ఉన్నప్పటిదా, తిరుగుతున్నప్పటిదా?

మొక్కల_ప్రేమి
మొదటి రోజు, రాత్రి 10:41

ఆగి ఉన్నప్పటిదేనండీ. ఆన్ చేసినప్పుడు మీటరు ఒక్క క్షణం 4.3 చూపించి మళ్లీ 4.6కు వచ్చేస్తుంది.

ఓం_సూత్రం
రెండో రోజు, ఉదయం 6:15

ఆ ఒక్క క్షణంలోనే మీ జబ్బంతా ఉంది. మామూలు మల్టీమీటరు సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది, అది కూడా సగటు తీసి. మధ్యలో పది మిల్లీసెకన్ల పాటు వోల్టేజీ గోతిలో పడి లేచినా దానికి తెలియదు. చిప్‌కు మాత్రం ఆ పది మిల్లీసెకన్లు చాలు. కాబట్టి 3.28 అనే అంకెను సాక్ష్యంగా తీసుకోలేం.

కొన్ని వివరాలు కావాలి. కేబుల్ ఎంత పొడవు, లావుదా సన్నదా? పంపును విడిగా తీసి, తీగల మధ్య ఓముల్లో ఎంత ఉందో కొలవండి. ఇరుసును కొంచెం కొంచెంగా తిప్పుతూ చూడండి, వచ్చిన వాటిలో తక్కువ అంకె చెప్పండి. వైఫై కలిసేటప్పుడు రీసెట్ అవడం రోజూ ఉందా, ఏదైనా ప్రత్యేక సందర్భంలోనా?

మొక్కల_ప్రేమి
రెండో రోజు, ఉదయం 7:50

కేబుల్ 2 మీటర్లు, సన్నదే. పంపు 7 ఓములు చూపిస్తోంది.

మీరు అడిగాక వైఫై సంగతి గుర్తు చేసుకున్నాను. అవి జరిగిన రెండు సార్లూ నేను కరెంటు ఎంత తీసుకుంటోందో కొలుస్తున్నాను. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరును కోసి, ఎర్ర తీగ మధ్యలో మీటరును మిల్లీఆంపుల సాకెట్‌లో పెట్టి చూశాను. మీటరు తీసేశాక వైఫై ఎప్పుడూ బాగానే కలిసింది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ఓం_సూత్రం
రెండో రోజు, ఉదయం 8:20

ఉంది. ఆ రెండు రీసెట్లూ మీటరు తెచ్చినవే. కరెంటు కొలవాలంటే మీటరు లోపల ఒక చిన్న రెసిస్టర్ గుండా దాన్ని పోనివ్వాలి. మిల్లీఆంపుల సాకెట్‌లో ఆ రెసిస్టరు, ఫ్యూజు, బయటి తీగలు కలిపితే చాలా మీటర్లలో కొన్ని ఓములు ఉంటుంది. మూడు ఓములు అనుకోండి. వైఫై రేడియో సంకేతం పంపేటప్పుడు చిప్ ఒక్కసారిగా 240 మిల్లీఆంపుల దాకా లాగుతుంది. మిగతావీ కలిపి 0.3 ఆంపులు అనుకుంటే 0.9 వోల్టు మీటరులోనే పోయింది. కరెంటు కొలవాలంటే 10 ఆంపుల సాకెట్ వాడండి, అందులో రెసిస్టర్ చాలా చిన్నది.

ఇక పంపు. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అది ఒట్టి తీగచుట్టే. 5 వోల్టులను 7 ఓములతో భాగిస్తే 0.7 ఆంపులు. వేగం అందుకున్నాక రెండు మూడు వందల మిల్లీఆంపులకు దిగుతుంది. మొదటి క్షణంలో చిప్, రిలే, పంపు కలిపి దాదాపు 1 ఆంపు అనుకుందాం.

ఈ 1 ఆంపు వచ్చే దారి చూడండి. సన్న యూఎస్‌బీ కేబుళ్లలో 28 గేజి తీగ మామూలు, మీటరుకు 0.21 ఓము. పోవడానికి 2 మీటర్లు, రావడానికి 2 మీటర్లు, మొత్తం 0.85 ఓము. అంటే 0.85 వోల్టు కేబుల్‌లోనే పోయింది. బోర్డు మీద యూఎస్‌బీ సాకెట్‌కూ విన్ పిన్‌కూ మధ్య చాలా బోర్డుల్లో కరెంటును ఒకే వైపు పోనిచ్చే షాట్కీ డయోడ్ ఒకటి ఉంటుంది, అందులో ఇంకో 0.4. ఐదులో మిగిలింది 3.75. ఆ తర్వాత వోల్టేజీని 3.3కు దించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్. అది 3.3 ఇవ్వాలంటే లోపలికి దానికంటే 1.1 వోల్టు ఎక్కువ రావాలి, అంటే 4.4. మీ దగ్గర 3.75 మాత్రమే ఉంది. కాబట్టి చిప్‌కు అందేది 2.65. ఇది కాగితం మీది లెక్క. సాకెట్ కాంటాక్టులు, చార్జర్ తనే కాస్త దిగడం, సరిగ్గా అప్పుడే వైఫై ఒక్కసారి లాగడం కలిస్తే 2.43 కిందికి జారడానికి ఎంతో అక్కర్లేదు.

చార్జర్ మీద రాసిన 2 ఆంపులు నిజమే. కాకపోతే అది చార్జర్ గుమ్మం దగ్గరి మాట.

బ్రెడ్‌బోర్డ్_22
రెండో రోజు, ఉదయం 9:05

డిటెక్టర్ లైను తీసేశాను, పాత రేడియో గారూ. నిన్న రాత్రే నా బోర్డులో సేవ్ చేసిన సెట్టింగులు చూస్తే రెండు చెడిపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ కోడ్ తప్పనుకున్నాను. కానీ కెపాసిటర్ మాట తప్పు కాదుగా? అందరూ పెట్టమంటారు.

పాత_రేడియో
రెండో రోజు, మధ్యాహ్నం 1:10

కెపాసిటర్ మంచిదే. అది దేనికి సరిపోతుందో లెక్క వేసుకుని పెట్టాలి. కరెంటును సమయంతో గుణించి కెపాసిటర్ విలువతో భాగిస్తే వోల్టేజీ ఎంత పడుతుందో వస్తుంది. వైఫై ఒక మిల్లీసెకను పాటు 0.3 ఆంపులు లాగిందనుకోండి. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే దాన్ని మోసినా 0.3 వోల్టు పడుతుంది, తట్టుకోవచ్చు. పంపు వేగం అందుకోవడానికి 50 మిల్లీసెకన్లు 0.7 ఆంపులు కావాలంటే అదే లెక్కలో 35 వోల్టులు వస్తుంది. మన దగ్గర ఉన్నదే ఐదు! అంటే మొదటి కొద్ది మిల్లీసెకన్లలోనే కెపాసిటర్ ఖాళీ అయిపోయి చేతులెత్తేస్తుంది. చిన్న గుంటలను పూడ్చడానికి కెపాసిటర్ కావాలి. సన్న కేబుల్ చేసే నష్టాన్ని అది పూడ్చలేదు.

ఇంకో మాట. రెగ్యులేటర్ అవుట్‌పుట్‌లో ఉన్న చిన్న సిరామిక్ కెపాసిటర్ మీద 10 మైక్రోఫారడ్ అని ఉన్నా, తక్కువ వోల్టేజీ రేటింగు ఉన్న బుల్లి రకమైతే, పని చేసే వోల్టేజీ దగ్గర దాని విలువ సగానికి పైగా పడిపోవచ్చు. ఏఎంఎస్1117 నిలకడగా ఉండటానికి అవుట్‌పుట్‌లో 22 మైక్రోఫారడ్ టాంటలమ్ కెపాసిటర్ పెట్టమని డేటాషీట్ చెబుతుంది. సొంతంగా బోర్డు చేసుకునేవాళ్లు ఇది మరచిపోవద్దు.

నీలి_ఎల్‌ఈడీ
రెండో రోజు, సాయంత్రం 5:30

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి అన్నా. నాదీ ఇలాంటిదే అనిపిస్తోంది. 60 దీపాల డబ్ల్యూఎస్2812బీ రంగుల ఎల్‌ఈడీ పట్టీ. అన్నీ తెల్లగా వెలిగిస్తే మొదట్లో తెలుపు, చివరికి పోయేకొద్దీ పసుపు, ఆ పైన ఎరుపు. దీపాలు పాడయ్యాయా?

ఓం_సూత్రం
రెండో రోజు, సాయంత్రం 6:02

పాడవలేదు తమ్ముడూ. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలకు మూడు వోల్టుల దాకా కావాలి, ఎరుపుకు రెండు చాలు. పట్టీలో పోయేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంటే ముందు నీలం నీరసపడుతుంది, ఎరుపు చివరిదాకా నిలబడుతుంది. తెలుపులోంచి నీలం పోతే మిగిలేది పసుపే కదా. ఒక్కో దీపం పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపులు, అరవై దీపాలకు 3.6 ఆంపులు. పట్టీ మీది పల్చటి రాగి అంత మోయలేదు. రెండు కొసలకూ లావు తీగలతో 5 వోల్టులు, గ్రౌండ్ ఇవ్వు. ఆ కరెంటును బ్రెడ్‌బోర్డు గుండా మాత్రం పంపకు, కరిగిపోతుంది.

నిర్వాహకులు
రెండో రోజు, సాయంత్రం 6:40

ఎల్‌ఈడీ పట్టీ ప్రశ్నకు విడిగా చర్చ తెరిచాం, నీలి ఎల్‌ఈడీ గారు అక్కడ కొనసాగించగలరు. ఇక్కడ పంపు విషయమే మాట్లాడుకుందాం.

మొక్కల_ప్రేమి
రెండో రోజు, రాత్రి 8:15

లెక్క అర్థమైంది. కానీ నా దగ్గర ఆసిలోస్కోప్ (క్షణక్షణం మారే వోల్టేజీని గీతగా చూపే పరికరం) లేదు. నిజంగా కేబులే దోషి అని నా చేత్తో కొలిచి చూసుకోవాలని ఉంది. రెండు బోర్డులు అనవసరంగా అనుమానించాను, ఈసారి ఊహ మీద ఏదీ మార్చాలని లేదు.

ఓం_సూత్రం
రెండో రోజు, రాత్రి 9:00

ఈ మాట కోసమే ఎదురు చూస్తున్నాను. స్కోప్ అక్కర్లేదు. మీటరు క్షణికమైన దాన్ని పట్టుకోలేదు కాబట్టి, ఆ క్షణాన్నే సాగదీద్దాం. పంపు తీసేసి దాని స్థానంలో 4.7 ఓముల, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్ పెట్టండి. అది మోటారు మొదలయ్యేటప్పుడు లాగినంత కరెంటును తీరుబడిగా లాగుతూనే ఉంటుంది. వైఫై ఆపేయండి. ఒక్కో కొలతకు పది సెకన్లు మించి ఉంచకండి, రెసిస్టరూ బోర్డు మీది డయోడూ వేడెక్కుతాయి, రెసిస్టర్‌ను చేత్తో పట్టుకోవద్దు.

నల్ల ప్రోబును ప్రతి కొలతలోనూ ఒకే చోటి గ్రౌండ్ మీద పెట్టండి. చార్జర్ దగ్గర ఎంత, బోర్డు మీద డయోడ్‌కు ముందు ఎంత, డయోడ్ తర్వాత ఎంత, రెసిస్టర్ కాళ్ల మీద ఎంత, 3.3 పిన్ దగ్గర ఎంత, ఇవి రాయండి. చివరగా ఒక ప్రోబు చార్జర్ గ్రౌండ్ మీద, రెండోది బోర్డు గ్రౌండ్ మీద పెట్టి చూడండి. రెండూ గ్రౌండే కదా సున్నా వస్తుందని చాలామంది అనుకుంటారు.

చార్జర్ విప్పొద్దు సుమా. దాని యూఎస్‌బీ చివర కొలిస్తే చాలు, లోపల ఇంటి కరెంటు ఉంటుంది.

మొక్కల_ప్రేమి
మూడో రోజు, రాత్రి 7:25

కొలిచాను. చేతులు వణికాయి గానీ, ఇంత సంతోషం ఈ మధ్య ఏ ప్రాజెక్టులోనూ కలగలేదు.

చార్జర్ చివర 4.95. అక్కడి నుంచి బోర్డు మీదకు, డయోడ్‌కు ముందు 4.14. డయోడ్ దాటాక 3.72. బ్రెడ్‌బోర్డు మీద రెసిస్టర్ కాళ్ల దగ్గర 3.60. 3.3 పిన్ దగ్గర 2.68! రెండు గ్రౌండ్ల మధ్య 0.41 వోల్టు. (మొదటి రెండు కొలతల్లో నల్ల ప్రోబు ఎక్కడ ఉంచాలో కాస్త తికమక పడి, ప్రతి కొనకూ అక్కడి గ్రౌండ్‌తో చూశాను. అందుకే కేబుల్ నష్టం పూర్తిగా ఒకేచోట కనిపిస్తోంది.)

అంటే చార్జర్ దాదాపు ఐదు ఇస్తూనే ఉంది. కేబుల్ ఒక్కటే 0.81 తినేసింది.

పాత_రేడియో
మూడో రోజు, రాత్రి 8:05

చక్కటి కొలత. ఆ 0.41 చూశారా, కేబుల్ నష్టంలో సరిగ్గా సగం. నల్ల తీగకూ నిరోధం ఉంటుంది, అందులో కూడా అంతే కరెంటు తిరిగొస్తుంది. మోటారు ఆన్ చేస్తే సెన్సర్ అంకెలు ఎందుకు మారతాయని ఎవరైనా అడిగితే నేను మొదట గ్రౌండ్ తీగలే చూడమంటాను.

మొక్కల_ప్రేమి
మూడో రోజు, రాత్రి 8:30

నా దగ్గర 12 వోల్టుల అడాప్టర్ ఒకటి, 7805 ఐసీ ఒకటి ఉన్నాయి. కేబుల్ గొడవ లేకుండా వాటితో 5 వోల్టులు చేసుకోవచ్చా?

ఓం_సూత్రం
మూడో రోజు, రాత్రి 8:52

వద్దండీ. 7805 మిగతా 7 వోల్టులనూ వేడిగా మార్చి పారేస్తుంది. 0.8 ఆంపులకు 5.6 వాట్లు. హీట్‌సింక్ లేకపోతే దాని లోపలి వేడి ఒక్కో వాటుకు సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది. అంత దూరం వెళ్లకముందే తనను తాను ఆపేసుకుంటుంది, మీకు మళ్లీ రీసెట్లే. 12 నుంచే రావాలంటే అంత వేడి చేయకుండా వోల్టేజీ దించే ఎల్ఎం2596 లాంటి బక్ కన్వర్టర్ మాడ్యూల్ వాడండి. దేనికీ కలపకముందే దాని స్క్రూ తిప్పి 5.0 వచ్చిందని మీటరుతో చూసుకోండి. ఆ స్క్రూ చాలా చుట్లు తిరుగుతుంది, మొదటి రెండు చుట్లకు ఏమీ మారలేదని కంగారు పడొద్దు.

నా సలహా మాత్రం ఉన్న చార్జరే ఉంచి దారి మార్చమని. 24 గేజి తీగలున్న (గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు) 1 మీటరు కేబుల్ తీసుకుంటే రానూపోనూ 0.17 ఓము. చార్జర్ నుంచి వచ్చిన 5 వోల్టులను ఒక స్క్రూ టెర్మినల్ దగ్గర రెండుగా చీల్చండి. ఒక జత పంపుకూ రిలేకూ, ఇంకో జత బోర్డు విన్‌కూ. గ్రౌండ్లు కూడా ఆ టెర్మినల్ దగ్గరే కలవాలి, వేరే ఎక్కడా కాదు. ఈ తీగలకు టంకం వేయండి, బ్రెడ్‌బోర్డు సెన్సర్‌కు, తెరకు చాలు. అలా చేస్తే పంపు కరెంటు డయోడ్ గుండా పోదు.

పంపు కాళ్ల మీద ఒక 1ఎన్5819 డయోడ్, చార ఉన్న వైపు ప్లస్‌కు. రిలే పంపును ఆపిన క్షణంలో తీగచుట్ట విసిరే వోల్టేజీని అది మింగుతుంది. దాని పక్కనే 100 నానోఫారడ్ కెపాసిటర్. బోర్డు విన్ దగ్గర 470 మైక్రోఫారడ్, దాన్ని బ్రెడ్‌బోర్డ్ గారు చెప్పినట్టే పెట్టండి, ఇప్పుడు అది చేయగలిగిన పనే దానికి మిగిలింది.

విన్‌కు బయటి 5 వోల్టులు ఇస్తూ కంప్యూటర్ యూఎస్‌బీ కూడా కలిపే ముందు మీ బోర్డు మీద ఆ షాట్కీ డయోడ్ ఉందని నిర్ధారించుకోండి. లేని బోర్డులూ ఉన్నాయి, అప్పుడు చార్జర్ మీ కంప్యూటర్ పోర్టులోకి ఎదురు కరెంటు నెడుతుంది.

తోట_పవర్
ఐదో రోజు, ఉదయం 10:20

ఇదే ప్రాజెక్టు నేను పవర్‌బ్యాంక్‌తో చేశాను. పంపు బాగానే తిరిగింది, కానీ చిప్ దాదాపు కరెంటు లాగని డీప్ స్లీప్‌లోకి వెళ్లిన అర నిమిషానికి అంతా చచ్చిపోయేది. ఎవరైనా ఆ దారి పట్టేవాళ్లకు ఉపయోగమని చెబుతున్నాను. లాగే కరెంటు బాగా తగ్గితే ఫోన్ తీసేశారనుకుని చాలా పవర్‌బ్యాంకులు ఆగిపోతాయి. అలా ఆగనిది, తక్కువ కరెంటు మోడ్ ఉన్నది చూసుకోవాలి.

మొక్కల_ప్రేమి
పదమూడో రోజు, రాత్రి 9:10

ఆలస్యానికి క్షమించండి, పూర్తిగా తేలాకే రాద్దామని ఆగాను.

మీరు చెప్పినట్టే తీగలు మార్చి టంకం వేశాను. అదే 4.7 ఓముల పరీక్ష మళ్లీ చేస్తే విన్ దగ్గర 4.7, 3.3 పిన్ దగ్గర 3.29 నిలబడింది. తెలిసినవారి స్కోప్ ఒక గంట దొరికింది. 3.3 పిన్ మీద, 3.0 కిందికి దిగితే పట్టుకోమని ట్రిగ్గర్ పెట్టి ఇరవై సార్లు పంపు వేశాం. ఒక్కసారీ పట్టుకోలేదు. అత్యంత తక్కువ 3.21. పాత కేబుల్, పాత తీగలతో మళ్లీ పెట్టి చూస్తే మొదటిసారికే పట్టుకుంది, 2.3 దాకా దిగింది. ఆ గీతను కళ్లతో చూశాక ఇక ఏ సందేహమూ లేదు.

ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ రీసెట్ కారణాన్ని రాసుకునేలా చేశాను. ఎనిమిది రోజుల్లో ఒకే ఒక్క ఎంట్రీ, అది నేను ప్లగ్ పెట్టినప్పటిది.

ఒక్కటి మిగిలింది. పంపు తిరుగుతున్నంతసేపూ తేమ అంకె ముప్పై నలభై అటూ ఇటూ ఊగుతోంది. సెన్సర్ 34వ పిన్‌కు ఉంది.

పాత_రేడియో
పదమూడో రోజు, రాత్రి 9:45

34 మంచి పిన్నే, మొదటి ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) చెందినది. వైఫై నడుస్తుంటే రెండో ఏడీసీ పిన్‌లు పనికిరావు. మోటారు బ్రష్‌ల రొద 5 వోల్టుల తీగల్లోకి వస్తుంది, దాన్ని పూర్తిగా తుడవడానికి శ్రమ పడాల్సిన పని లేదు. పంపు ఆన్ చేసే ముందే పదహారు సార్లు చదివి సగటు తీసుకోండి. పంపు ఆగాక నీరు ఇంకడానికి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చదవండి. తిరుగుతున్నప్పుడు చదివిన అంకె ఎలాగూ తడిని సరిగ్గా చెప్పదు, నీరు ఇంకా వేరు దాకా చేరి ఉండదు.

మొక్కల_ప్రేమి
పద్నాలుగో రోజు, ఉదయం 7:30

అలాగే మార్చాను. ఇప్పుడు అంకె నాలుగైదుకు మించి కదలడం లేదు. పాత కేబుల్‌కు "డేటాకు మాత్రమే" అని చీటీ అంటించి పక్కన పెట్టాను. మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. తీగల పటం, కొలతల పట్టిక సాయంత్రం మొదటి పోస్టులో చేరుస్తాను.